తెలుగు వాకిట్లోకి ఏ మొక్క ఎప్పుడొచ్చింది

1785 జూన్‌లో, కాకినాడను ఆనుకుని డచ్చివాళ్ళ వర్తకం సాగిన జగన్నాథపురంలో యోహాన్ గెర్హార్డ్ కూనిగ్ అనే వైద్యుడు జబ్బుపడి కన్నుమూశాడు. బాల్టిక్ ప్రాంతంలో పుట్టి, స్వీడన్‌లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దగ్గర చదువుకుని, 1768లో తరంగంబాడి చేరిన మనిషి. ఆ తర్వాత బతికిన పదిహేడేళ్ళూ మొక్కల వెంటే తిరిగాడు. ఆఖరి రోజుల్లో ఆయన్ని చూసుకున్నది సామర్లకోటలో ఈస్టిండియా కుంఫిణీ కొలువు చేస్తున్న మరో వైద్యుడు, విలియం రాక్స్‌బర్గ్. కూనిగ్ పోవడానికి పద్నాలుగేళ్ళ ముందే, 1771లో, లిన్నేయస్ ఒక చెట్టుకు శాస్త్రీయ నామం పెడుతూ అందులో ఈ శిష్యుడి పేరు కలిపాడు. ఆ చెట్టు కరివేపాకు.

రోజూ పోపులో వేసుకునే ఆకు వెనకే ఇంత కథ ఉంది. తెలుగింటి ముందూ వెనకా పెరిగే పూలమొక్కల్లో, నీడ చెట్లలో కొన్ని ఈ నేలవే. కొన్ని ఓడలెక్కి వచ్చాయి. కొన్నింటిని దొరలు బంగళాల కోసం తెప్పించుకున్నారు, కొన్నింటిని సర్కారు వంటచెరకు కోసం తెప్పించింది, కొన్ని మొన్నమొన్న లారీల్లో దిగాయి. ఏ కాలంలో ఎవరు ఏ గుణం చూసి మొక్కను ఎంచుకున్నారన్నది ఈ చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న. ఆ గుణం మారినప్పుడల్లా వాకిలి మారింది. వాకిట్లోకి వచ్చే తేనెటీగలు, సీతాకోకచిలుకలు, పిట్టలు కూడా మారాయి.

నర్సరీ అనే మాట ఊళ్ళకు తెలియని రోజుల్లో మొక్కలు ఇంటి నుంచి ఇంటికి నడిచాయి. కొమ్మ విరిచి గుచ్చితే బతికేవాటికి తిరుగులేదు: మందారం, నందివర్ధనం, గన్నేరు. మల్లె తీగను వంచి మట్టిలో పూడ్చి, వేరు పట్టాక కోసి ఇచ్చేవారు. పుట్టింటి మల్లె అలా అత్తింటి పెరట్లో మళ్ళీ పూసేది. కనకాంబరానికి ఆ శ్రమ కూడా అక్కర్లేదు. ఎండిన దాని కాయ మీద చినుకు పడితే చాలు, చిట్లి గింజలు దూరంగా ఎగిరి పడతాయి. ఒక్క మొక్క వేసిన ఇంట్లో తొలకరికి పాదంతా మొలకలే.

ఏం నాటాలన్న నిర్ణయం దేవుడు, జడ, వంట, మందు అనే నాలుగింటి చుట్టూ తిరిగేది. దేవుడికి నందివర్ధనం, మందారం, గన్నేరు, నేల రాలినా పూజకు పనికొచ్చే పారిజాతం. జడలోకి మల్లె, కనకాంబరం. వంటకు కరివేపాకు, మునగ, నిమ్మ, అరటి. మందుకు తులసి, వేప, ఆషాఢంలో చేతులు పండించే గోరింట. దేన్ని ఎక్కడ పెట్టాలో కూడా ఎవరూ పుస్తకంలో రాయకుండానే స్థిరపడింది. బావి దగ్గర, స్నానాల నీళ్ళు పారే చోట అరటి. వాకిట్లో తులసికోట. కంచె వెంట గన్నేరు, ఎందుకంటే దాని ఆకు విషం, పశువులు నోరు పెట్టవు. ఇంటి ముందు నీడకు వేపో, కానుగో. రావి, మర్రి మాత్రం ఇంటి జోలికి రానిచ్చేవారు కాదు. వాటి వేళ్ళు గోడల్లో దూరితే ఇల్లు నిలవదు. అందుకే వాటి చోటు గుడి ముంగిలి, చెరువు గట్టు, రచ్చబండ.

కానుగ సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి. ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చి, అసలు ఎండలు ముదిరేసరికి లేత పచ్చటి చిగురుతో నిండిపోతుంది. ఊరికి నీడ కావలసిన రోజుల్లోనే నీడనిచ్చే చెట్టు. లేత ఊదా రంగు పూలు గుత్తులు గుత్తులుగా పూసి, మిగతా పూలు తక్కువగా ఉండే ఎండలో తేనెటీగలకు భోజనం పెడుతుంది. గింజల నూనె దీపాలకు, ఆకు పొలానికి పచ్చిరొట్ట ఎరువుగా. వేరు బుడిపెల్లో నత్రజని నిలవ చేసుకునే చిక్కుడు జాతి చెట్టు ఇది, చవుడు నేలల్లోనూ తట్టుకుంటుంది. నీడ చెట్టు కోసం అడిగే ఎవరికైనా ముందు చెప్పదగిన పేరు ఇదే. ఇవాళ కాలనీల్లో దాన్ని అడిగి నాటించుకునేవాళ్ళు తక్కువ.

పాత పెరడు తనకు తెలియకుండానే పురుగూ పిట్టలను పోషించింది. కరివేపాకు, నిమ్మ రెమ్మల్ని దగ్గరగా చూస్తే లేత ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న మచ్చ ఉంటుంది. అది కదులుతుంది. నల్ల రెక్కల పెద్ద సీతాకోకచిలుక గొంగళి పురుగు అది. పిట్టలు తినకుండా రెట్ట వేషం వేస్తుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. గన్నేరు కథ ఇంకా చిత్రం. దాని పువ్వులో తేనె ఉండదు, రంగు చూసి వచ్చిన ఈగకు ఏమీ దొరకదు. అదే గన్నేరు ఆకు మాత్రం ఒక గోధుమ రంగు సీతాకోకచిలుక పిల్లలకు తిండి. ఆకు అడుగున వేలాడే దాని కోశం వెండి రేకు చుట్టినట్టు మెరుస్తుంది. పారిజాతం రాత్రి పూట తెల్లగా విచ్చి, నిశాచర చిమ్మటల్ని పిలిచి, తెల్లారేసరికి నేల రాలుతుంది. నూరువరహాల సన్నటి గొట్టాల్లోకి నాలుక చాచగలిగేది సీతాకోకచిలుకే. రెక్క మందారానికి తేనెపిట్ట వస్తుంది. మునగ దాదాపు ఏడాది పొడవునా పూస్తూనే ఉంటుంది గనక, నల్ల తుమ్మెదలకు దాని పూలు దొరకని రోజులు తక్కువ.

ఇంటి గోడ దాటి వీధిలో, బాటలో ఏ చెట్టు ఉండాలన్నది మరో చరిత్ర. ఇక్కడ మన దగ్గరున్న పాత సాక్ష్యం రాతి మీదే ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో చెక్కించిన అశోకుడి శాసనాల్లో రెండోది మొక్కల గురించి మాట్లాడుతుంది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామని, మందు మూలికలు లేని చోటికి తెప్పించి నాటించామని, బాటల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించామని దాని సారాంశం. ఒక చోటి మొక్కను మరో చోటికి కావాలని తెచ్చి పెంచడం తెలుగు నేల మీద అంత పాత ఆలోచన. బాటసారితో పాటు పశువుకూ నీడ కావాలన్న లెక్క అందులో ఉంది.

ఆ లెక్క చాలా కాలం నిలిచింది. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్ళే దారిలో నిజాం కాలం నాటి మర్రి చెట్లు వందల సంఖ్యలో నిలిచాయి. రోడ్డు వెడల్పు చేసే పనికి అడ్డమని వాటిని కొట్టేయబోతే పర్యావరణ ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళి పోరాడారు. ఇక 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు దగ్గర ఏటా ఆ రోజున జనం చేరి తలుచుకుంటారు. ఆ చెట్టు కొమ్మ అంతమంది బరువు మోసిందంటే అది నిదానంగా పెరిగిన గట్టి కలప కావడం వల్లే.

చింత కూడా మొదట ఆఫ్రికాదే. ఎప్పుడొచ్చిందో చెప్పలేనంత ముందు వచ్చి, పప్పుచారులో కలిసిపోయింది. గోల్కొండ నయా ఖిల్లాలో 27 మీటర్ల పైచిలుకు మొదలుతో నిలబడ్డ బావోబాబ్ కూడా ఆఫ్రికా చెట్టే. ‘హాథియోఁ కా ఝాడ్’ అని దాన్ని పిలుస్తారు. అది మాత్రం ఊళ్ళలోకి పాకలేదు, ఒక వింతగా మిగిలిపోయింది. ఒక పరాయి మొక్క ఇంటిది కావాలంటే చూడ్డానికి బాగుంటే సరిపోదు, ఇంట్లో దానికో పని ఉండాలి.

పూలకు ఆ పని ఎప్పుడూ ఉంది. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ ఆ నగరంలో గులాబీలు ఎక్కడ చూసినా అమ్ముతారని, అక్కడి జనానికి అవి అన్నంతో సమానమని రాశాడు. ఆ తర్వాతి శతాబ్దాల్లో పోర్చుగీసు ఓడలు అమెరికా ఖండాన్ని మన తీరానికి కలిపాయి. మిరపతో, సీతాఫలంతో పాటు పూలూ వచ్చాయి. బంతి స్వస్థలం మెక్సికో. సంక్రాంతి గొబ్బెమ్మ మీద, దసరాకు కట్టే తోరణంలో అది లేని పండగను ఇప్పుడు ఊహించలేం. గుళ్ళ ముందు తప్పకుండా కనిపించే దేవగన్నేరు మధ్య అమెరికా, కరీబియన్ దీవుల చెట్టు. దానికీ గన్నేరులాగే పువ్వులో తేనె లేదు, వాసనతోనే చిమ్మటల్ని రప్పించుకుంటుంది. బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చి ప్రతి గోడ సందులోనూ మొలిచింది. గడిచిన శతాబ్దం మధ్యలో దాని ఆకుల నుంచే విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ అనే క్యాన్సర్ మందులు తీశారు. ఈ మూడూ మనవి కావని ఎవరైనా అంటే నమ్మడానికి ఇప్పుడు కష్టమే.

రాక్స్‌బర్గ్ దగ్గరికి తిరిగి వెళ్ళాలి, ఎందుకంటే తెలుగు మొక్కలు మొదటిసారి కాగితం మీదికి అంత శ్రద్ధగా ఎక్కింది ఆయన చేతుల మీదుగానే. 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ కుంఫిణీ తోట పెంచి మిరియం, కాఫీ, దాల్చినచెక్క, మల్బరీ లాంటివి ఈ నేలలో పండుతాయో లేదో పరీక్షించాడు. 1787లో గోదావరి తీరాన్ని ముంచెత్తిన తుఫాను ఉప్పెనలో తన పుస్తకాలు, సేకరణలు పోగొట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. కొండల్లో, పొలం గట్ల మీద కనిపించిన మొక్కలను ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా బొటానికల్ తోటకు అధిపతిగా వెళ్ళాక, వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ పూనికతో ఆ బొమ్మల్లో 300 లండన్‌లో అచ్చయ్యాయి. 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అదే. మొదటి సంపుటికి ముందుమాట రాసిన పాట్రిక్ రసెల్, పాముల మీద పరిశోధనకు పేరుపొందిన విశాఖపట్నం వైద్యుడు.

రాక్స్‌బర్గ్ ఒక మంచి పని చేశాడు. లాటిన్ పేరు పక్కన తెలుగువాళ్ళు పిలిచే పేరును కూడా రాసిపెట్టాడు. మోదుగ అలాగే ఆ పుటల్లోకి ఎక్కింది. ఏ ఊరి రైతును, ఏ కొండవాసిని అడిగి ఆ పేర్లు తెలుసుకున్నాడో వాళ్ళ వివరం మాత్రం ఆ సంపుటాల్లో దొరకదు. బొమ్మలు వేసిన చేతుల పేర్లూ లేవు. ఆ లోటు చిన్నది కాదు. పూరేకు మడతను, కాయ పగులును అంత నిశితంగా గీసినవాళ్ళు అనామకులుగా మిగిలిపోయారు. తర్వాత ఉత్తర సర్కారుల కమిషనర్‌గా పనిచేసిన వాల్టర్ ఇలియట్ 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అచ్చు వేయించాడు. తెలుగు జిల్లాల్లో మామూలుగా కనిపించే మొక్కల తెలుగు పేర్ల పట్టిక అది. పేరు ఆధారంగా మొక్కను వెతకవచ్చు గనక, ఊరివాళ్ళ జ్ఞానం శాస్త్రానికి దారి చూపిన పుస్తకం.

అప్పటికే మరో గాలి వీస్తోంది. లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ మూత బిగించిన గాజు పెట్టెలో మొక్క తన తేమతోనే నెలల తరబడి బతుకుతుందని కనిపెట్టాడు. 1833లో ఆ పెట్టెలు లండన్ నుంచి సిడ్నీ దాకా ప్రయాణించి మొక్కల్ని బతికున్నట్టే చేర్చాయి. అంతవరకు ఉప్పుగాలికి, మంచినీటి కరువుకు ఓడ మీదే చచ్చిపోయే మొక్కలు ఖండాలు దాటడం మొదలైంది. 1835లో మద్రాసులో వ్యవసాయ ఉద్యాన సంఘం ఏర్పడింది. కలెక్టర్ బంగళాలు, దండు ప్రాంతాలు, ఆ తర్వాత రైల్వే కాలనీలు కొత్త మొక్కలకు మొదటి మడులయ్యాయి.

ఈ దశలో ఎంపికకు కొలత మారింది. దేవుడికా, జడకా, మందుకా అన్న ప్రశ్న పక్కకు తప్పుకుని, దూరం నుంచి చూస్తే ఎలా ఉంటుందన్నది ముందుకొచ్చింది. అందుకు తురాయిని మించింది లేదు. మడగాస్కర్‌లో పుట్టిన ఈ చెట్టును మారిషస్‌లో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు వెంచెస్లాస్ బోయర్ వల్ల 1829లో ఐరోపా తెలుసుకుంది. పందొమ్మిదో శతాబ్దం నడిమిరోజుల్లో మన దేశానికి వచ్చింది. మే నెలలో ఆకు కనపడకుండా ఎర్రగా పూస్తే ఎవరైనా ఆగి చూడాల్సిందే. కానీ వేళ్ళు లోతుకు పోవు, కొమ్మ పెళుసు. కాగితం పూల చెట్టు కథలో ఒక మనిషి తప్పక గుర్తుకు రావాలి. 1767లో ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ నౌకాయాత్రలో రియో డి జనీరో దగ్గర దాన్ని సేకరించినవాడు ఫిలిబెర్ కొమ్మెర్‌సోన్. ఆయన సహాయకురాలు జాన్ బారే మగవేషం వేసుకుని ఓడెక్కింది, ఆడవాళ్ళకు నౌకలో చోటు లేదు కాబట్టి. మొక్కల సేకరణలో ఆమె శ్రమ చాలా ఉంది. ఆ తీగ ఇప్పుడు అనంతపురం ఎండలో కూడా గోడల మీంచి వేలాడుతోంది. మనం పువ్వనుకునే రంగు భాగం నిజానికి ఆకే. అసలు పువ్వు లోపల తెల్లటి చిన్న గొట్టం.

నిద్రగన్నేరు దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చి వీధి నీడకు స్థిరపడింది. లాంటానాను పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తా తోటలో అందం కోసం పెంచారు. సీతాకోకచిలుకలు దాని మీద బాగానే వాలతాయి, పిట్టలు పళ్ళు తిని గింజలు మోస్తాయి. ఆ గింజలే అడవుల్లోకి చేరి, నేల మీద మరే మొలకా లేవకుండా పొదలై కమ్మేశాయి. పువ్వు మీద సీతాకోకచిలుక వాలిందంటే మొక్క మంచిదనే తీర్పు ఇవ్వకూడదని లాంటానా గట్టిగా నేర్పిన పాఠం.

ఇంకో పాఠం కడప జిల్లా కమలాపురంలో మొదలైంది. మద్రాసు రాజధాని అడవుల అధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1876లో విత్తనాల కోసం ప్రభుత్వానికి రాశాడు. మరుసటేడు జమైకా విత్తనం కమలాపురంలో పడింది. అదే సర్కారు తుమ్మ. మెట్ట ప్రాంతాల్లో వంటచెరకు కరువు తీర్చాలన్నది సదుద్దేశమే. నీరు అడగదు, ఆకును పశువు తినదు, కొట్టినా చిగురిస్తుంది: అప్పుడు గొప్ప గుణాలుగా కనిపించినవి ఇవే. చెరువుల్ని, బంజర్లని అది ఆక్రమించుకోవడానికి కారణాలూ అవే. పేదింటి పొయ్యికి పుల్ల ఇచ్చింది, తేనెటీగలకు పూలిచ్చింది, అది కాదనకూడదు. అయితే ఒక్క అవసరం చూసి ఒకే జాతిని దించితే మిగతా ప్రశ్నలు తర్వాతి తరాల నెత్తిన పడతాయని కమలాపురం చెబుతుంది.

తెలుగువాళ్ళు మొక్కను అమ్మకపు సరుకుగా తీర్చిదిద్దిన చోటు కడియం. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట కాలువ నీటిని ఆ ప్రాంతానికి ఇచ్చింది. గోదావరి వరదలు ఒండ్రునిచ్చాయి. కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వీరవరం, జేగురుపాడు ఊళ్ళలో వరి పొలాలు మెల్లగా మొక్కల మడులయ్యాయి. జాతీయ రహదారి ఆ ఊళ్ళ మీదుగా పోవడంతో లారీలకు దారి దొరికింది. ఇప్పుడు అక్కడి మొక్క మహారాష్ట్ర, గుజరాత్, ఢిల్లీ దాకా వెళుతుంది. జనవరి ఒకటికి, ఆగస్టు పదిహేనుకు వేల మొక్కల్ని అక్షరాలుగా, బొమ్మలుగా పేర్చి చూపడం అక్కడి నర్సరీలకు ఆనవాయితీ.

అక్కడి పనితనం చూడాలంటే గాలి అంటు కట్టే చేతుల్ని చూడాలి. పెన్సిల్ మందం కొమ్మ మీద వేలెడు వెడల్పున బెరడును చుట్టూ చెక్కేస్తారు. లోపలి జిగురు పొర మిగలకుండా కత్తి వెనక అంచుతో గీకుతారు, లేకపోతే గాయం మళ్ళీ మూసుకుపోతుంది. తడిపిన కొబ్బరి పీచో, నాచో ఆ చుట్టు మీద ముద్దగా పెట్టి పాలిథిన్ కాగితం చుట్టి రెండు కొసలా దారంతో బిగిస్తారు. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు తెగిన చోట ఆగి, అక్కడే వేళ్ళు పుడతాయి. నెల, నెలన్నరకు కాగితంలోంచి తెల్లటి వేళ్ళు కనిపిస్తాయి. అప్పుడు కింద కోసి కవర్లో పెడతారు. మట్టి నింపడం, కవర్లు సర్దడం, కలుపు తీయడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. కొమ్మ విరిచి పక్కింటికి ఇచ్చే పాత ఇచ్చిపుచ్చుకోలు ఇక్కడ వేల కుటుంబాలకు జీవనోపాధి అయింది. ఇది గర్వించదగిన చరిత్ర.

నర్సరీ మాత్రం అడిగింది పెంచుతుంది. గత మూడు దశాబ్దాల్లో స్థలం చిన్నదైంది, అపార్ట్‌మెంట్ వచ్చింది, గేటెడ్ కాలనీ వచ్చింది. అడిగేది మారింది: ఆకు రాలకూడదు, పురుగు పట్టకూడదు, ఏడాదిలో గోడెత్తు పెరగాలి, పొడుగ్గా వరసగా ఉండాలి. పామ్ జాతులు, అశోకమని పిలిచే నిటారు చెట్లు, రంగు ఆకుల పొదలు వరసకట్టాయి. పూల మొక్కల్లోనూ ముద్ద రకాలకే గిరాకీ. ముద్ద మందారంలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి, పుప్పొడి దొరకదు. రెక్క మందారం దగ్గర తచ్చాడే తేనెపిట్ట ముద్ద మందారాన్ని దాటిపోతుంది. ముద్దబంతి సంగతీ అంతే. పురుగు పట్టని మొక్క కావాలని కోరుకున్న ఇంటికి సీతాకోకచిలుక రాదు, ఎందుకంటే ఆ పురుగే రేపటి సీతాకోకచిలుక.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు చెట్ల ఎంపిక ఎంత బరువైన విషయమో నగరమంతా చూసింది. వీధులకు వీధులు కూలిన మానులతో మూసుకుపోయాయి. తొందరగా నగరాన్ని పచ్చగా చేయాలన్న తపనతో ఆ తర్వాత ఏడాకుల పాల చెట్లను పెద్ద ఎత్తున నాటారు. అది మన దేశపు చెట్టే, మందు చెట్టే. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే ఇబ్బంది లేదు. వీధి పొడుగునా అదే అయ్యేసరికి, పూసే చలికాలం మొదట్లో రాత్రిళ్ళు దాని ఘాటు వాసనకు ఊపిరాడటం లేదని జనం మొరపెట్టుకున్నారు. స్వదేశీ జాతి అన్న ఒక్క మాటతో ఎంపిక పూర్తి కాదు. ఎన్ని, ఎక్కడ, దేని పక్కన అన్నవి కూడా అడగాలి.

కోనోకార్పస్ ఇంకో దారిలో వచ్చింది. ఎర్ర సముద్రం వైపు ఎడారి తీరాల చెట్టు, గల్ఫ్ నగరాల రోడ్లను పచ్చగా చేసి పేరు తెచ్చుకుంది. ఎండకు వాడదు, ఆకు రాల్చదు, నీరు లేకపోయినా ఏపుగా పెరుగుతుంది. తెలుగు పట్టణాల డివైడర్ల మీద కొన్నేళ్ళలోనే నిండిపోయింది. తర్వాత వేళ్ళు పైపుల్లోకి, పునాదుల్లోకి చొరబడుతున్నాయని, పుప్పొడి ఎలర్జీ కలిగిస్తోందని ఫిర్యాదులు మొదలయ్యాయి. తెలంగాణ దాన్ని నాటడం ఆపించింది, 2023లో గుజరాత్ నిషేధించింది. ఆరోగ్యం మీద ప్రభావం ఎంతన్న విషయంలో వృక్షశాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. అయితే నీడ ఇవ్వాల్సిన చోట కానుగ, పొగడ, రేల, వేప, నేరేడు ఉండగా అన్నింటినీ పక్కన పెట్టి ఒకే చెట్టు మీద ఊళ్ళకు ఊళ్ళు ఆధారపడటం మాత్రం కమలాపురం తప్పునే మళ్ళీ చేయడం.

వేరే తోవలో నడిచినవాళ్ళూ ఉన్నారు. ఖమ్మం పక్కన రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య విత్తనాలు ఏరి జేబుల్లో, సంచుల్లో వేసుకుని సైకిలు మీద తిరుగుతూ కాలువ గట్ల మీద, బీడుల్లో నాటుకుంటూ పోయారు. జనం ‘వనజీవి’ అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో మరణించేవరకు ఆ పని ఆపలేదు.

నర్సరీల్లో అడిగితే సాధారణంగా దొరకని మొక్క ఒకటుంది, తంగేడు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది. బతుకమ్మలో గునుగు పక్కన పసుపు వరస దానిదే. ఒకప్పుడు దాని బెరడు తోలు పదును చేయడానికి పోయేది. ఊరి చివర బీళ్ళలో తనంతట తాను పెరిగేది గనక ఎవరూ నాటుకోలేదు. ఆ బీళ్ళు ప్లాట్లయ్యాక పండగ ముందు తంగేడు కోసం చాలా దూరం వెళ్ళాల్సి వస్తోంది, లేదా బజారులో కొనాల్సి వస్తోంది. ఆ పువ్వులో తేనె లేదు, పుప్పొడి మాత్రమే ఉంది. అదీ కేసరం కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచే బయటికి వస్తుంది. నల్ల తుమ్మెద పువ్వును కాళ్ళతో పట్టుకుని ఒళ్ళంతా అదిరేలా ఝుమ్మంటుంది. ఆ అదురుకు పొట్టి కేసరాల పుప్పొడి దాని తిండికి రాలితే, పొడుగు కేసరాలది దాని ఒంటికి అంటుకుని మరో పువ్వుకు చేరుతుంది.

ఇంటి ముందు నాలుగడుగుల ఖాళీ ఉన్నా తంగేడును పెంచుకోవచ్చు. చలికాలంలో ఎండిన కాయలు దొరుకుతాయి. గింజ పెంకు గట్టిది, కాబట్టి వేడినీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చి, తొలకరి పడ్డాక నేరుగా నేలలోనే వేయడం మేలు. తల్లివేరు లోతుకు దిగే రకం, కుండీలో ముదరనిచ్చి తర్వాత మారిస్తే తట్టుకోలేదు. మొదటి వేసవి ఒక్కటి నీళ్ళిచ్చి గట్టెక్కిస్తే ఆపైన పెద్దగా ఏమీ అడగదు. ఆకు మీద పసుపుపచ్చ సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. గొంగళి పురుగులు కనబడితే మందు కొట్టకుండా వదిలేయాలి.